రక్త పరీక్షా, వెన్ను నీటి పరీక్షా?

శ్రీకాకుళంలో కంటి డాక్టరు టార్చి వేసి, ‘పాపలు రెండూ చిన్నగా, వంకరగా ఉన్నాయి. వెలుగుకి ముడుచుకోవట్లేదు, దగ్గరి వస్తువుని చూస్తే ముడుచుకుంటున్నాయి’ అన్నారా? 1869లో స్కాట్లాండ్ కంటి డాక్టరు ఆర్గిల్ రాబర్ట్‌సన్ వర్ణించిన లక్షణమిది. పాత సిఫిలిస్ (ఒక సుఖవ్యాధి) నరాలకు ఎక్కిందేమో చూడాలి. షుగరు వల్లా ఇలా కావచ్చు.

రక్తం: ఒక్క సూదిపోటు, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ముదిరిన జబ్బులో వీడీఆర్ఎల్ అనే సిఫిలిస్ పరీక్ష నెగెటివ్ రావచ్చు, టీపీహెచ్ఏ అనే మరో సిఫిలిస్ పరీక్ష కూడా అడగండి.

వెన్ను నీరు (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీరు): పెద్దాసుపత్రికే వెళ్లాలి. పక్కకి పడుకోబెట్టి నడుం దగ్గర సూదితో తీస్తారు. తర్వాత తలనొప్పి రావచ్చు. నడుం పడిపోతుందన్న టెన్షన్ మాత్రం వద్దు.

కళ్లు, నరాలు బాగుంటే ముందు రక్తం చాలు. పాపలు ఇలా ఉండి టీపీహెచ్ఏ పాజిటివ్ అయితే వెన్ను నీటి పరీక్ష తప్పించుకోకండి. నరాల్లో జబ్బు తేలితే వారానికో ఇంజెక్షన్ సరిపోదు, పెన్సిలిన్‌ను 10 నుంచి 14 రోజులు రక్తనాళంలోకి ఎక్కించాలి.