స్విఫ్ట్ పిట్టల గూటి పెట్టె: కొనొచ్చు, స్పీకర్ మాత్రం విడిగా తీసుకోండి

ముందుగా అసలు సంగతి చెప్పేస్తాను. స్విఫ్ట్ పిట్టలు గూడు పెట్టుకోవడానికి గోడకి బిగించే ఈ పెట్టె కొనొచ్చు. పిట్టల అరుపులు వినిపించి వాటిని రప్పించడానికి దీంతో కలిపి అమ్ముతున్న స్పీకర్ కిట్ మాత్రం వద్దు, స్పీకర్ వేరేది చూసుకోండి. ఇంత పెద్ద రివ్యూ ఎందుకు రాస్తున్నానంటే, ఇంగ్లండ్‌లో మన వాళ్ళు చాలామంది పాత ఇళ్ళు కొంటున్నారు, కొన్న ఏడాదే పైకప్పు బాగు చేయిస్తున్నారు. ఆ పనిలోనే ఈ పిట్టల గూళ్ళు పోతున్నాయి. పోగొట్టాలని ఎవరికీ ఉండదు. అక్కడ గూడు ఉందని తెలియదు, అంతే.

పిట్ట సంగతి తెలియకపోతే పెట్టె మంచిదో కాదో తేల్చడం కష్టం. స్విఫ్ట్ చూడ్డానికి వానకోయిలలా ఉంటుంది గానీ దాని దగ్గరి చుట్టరికం హమ్మింగ్‌బర్డ్‌తో. బరువు 40 గ్రాములు. కొడవలి లాంటి పొడుగు రెక్కలు. కాళ్ళు మరీ పొట్టి, కొమ్మ మీద కూర్చోలేదు, నిలువు గోడని గోళ్ళతో పట్టుకుని వేలాడగలదు. తిండి, నీళ్ళు, నిద్ర అన్నీ గాల్లోనే. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వీటికి చిన్న పరికరాలు కట్టి వదిలారు. గూడు వదిలాక 10 నెలల పాటు ఇవి దాదాపు ఆగకుండా ఎగురుతూనే ఉంటాయని 2016లో ప్రకటించారు. వాటిలో కొన్ని ఆ 10 నెలల్లో ఒక్కసారి కూడా ఎక్కడా వాలలేదు. బ్రిటన్ నుంచి బయల్దేరినవి సహారా దాటి కాంగో అడవుల మీదికి వెళ్తాయి. చైనాలో బీజింగ్ వేసవి రాజభవనంలో గూళ్ళు పెట్టేవి కూడా మధ్య ఆసియా, ఇరాన్, అరేబియా మీదుగా ఆఫ్రికా దక్షిణ భాగానికే పోతాయి. ఇంత తిరిగే పిట్ట ఏడాది మొత్తంలో కాలు మోపే చోటు గూడొక్కటే. బ్రిటన్‌కి మే మొదట్లో వస్తుంది, మూడు నెలలుండి జూలై ఆఖరుకో ఆగస్టు మొదట్లోనో పోతుంది. మళ్ళీ ఏడు సరిగ్గా అదే కన్నానికి వస్తుంది.

ఆ కన్నం ఎక్కడుంటుందంటే మన చూరు కింద. పెంకుల సందుల్లో, ఊడిపోయిన ఇటుక వెనక. బ్రిటన్‌లో స్విఫ్ట్‌ల సంఖ్య 1995 నుంచి 60 శాతానికి పైగా పడిపోయింది. 2021 డిసెంబరులో వీటిని ప్రమాదంలో ఉన్న పక్షుల ఎర్ర జాబితాలో చేర్చారు. పురుగులు తగ్గడం ఒక కారణం, కూనలు పెరిగే రోజుల్లో ముసురు పట్టడం ఇంకో కారణం. ఈ రెంటికీ నేను ఒక్కణ్ణే చేయగలిగింది ఏమీ లేదు. మూడో కారణం చూరు కింద కన్నాలు మూసుకుపోవడం. దానికి మాత్రం నా ఇల్లుంది, నా గోడ ఉంది.

మా వరస ఇళ్ళు విక్టోరియా రాణి కాలం నాటివి. ఒక ఇంటికి చలికాలంలో పైకప్పు మార్చారు. చెక్క తీసేసి చూరు పొడుగునా తెల్ల ప్లాస్టిక్ పలకలు బిగించారు. మేలో పిట్టలు తిరిగొచ్చాయి. గోడ దాకా దూసుకొచ్చి, ఉండాల్సిన కన్నం దగ్గర క్షణం సేపు గోళ్ళతో పట్టుకుని, జారిపోయి, మళ్ళీ చుట్టు తిరిగి వచ్చేవి. పొద్దున్నా సాయంత్రమూ ఇదే. "నేను పెళ్ళై ఈ వీధికి వచ్చినప్పటి నుంచీ అవి అక్కడే ఉన్నాయి" అని పక్కింటి పెద్దావిడ చెప్పి కళ్ళు తుడుచుకుంది. చట్టం ఏం చేస్తుందంటారా? 1981 నాటి వన్యప్రాణి చట్టం వాడుకలో ఉన్న గూటిని కాపాడుతుంది. పిట్ట ఆఫ్రికాలో ఉన్నప్పుడు మూసేస్తే అది తప్పు కిందికి రాదు. ఈ పిట్ట ఏడాదిలో తొమ్మిది నెలలు ఆఫ్రికా దారిలోనే ఉంటుంది. నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం ఇదే.

అందుకే పెట్టె కొన్నాం. రెండు గదులది, వాన తట్టుకునే ప్లైవుడ్‌తో చేసింది. స్పీకర్ కిట్‌తో కలిపి 100 పౌండ్లకు కాస్త పైనే అయింది.

మంచి సంగతుల్లో మొదటిది ద్వారం. స్విఫ్ట్ పెట్టెకి ద్వారమే ప్రాణం. 65 మిల్లీమీటర్ల వెడల్పు, 28 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. అంగుళానికి కాస్త ఎక్కువ, అంతే. 30 మిల్లీమీటర్లు దాటితే స్టార్లింగులు (గోరింక జాతి పిట్టలు) దూరి గది ఆక్రమిస్తాయి. నేను పెట్టె రాగానే కాలిపర్‌తో కొలిచాను, రెండు ద్వారాలూ సరిగ్గా 28 ఉన్నాయి. ఆన్‌లైన్‌లో సగం ధరకే దొరికే కొన్ని పెట్టెల ఫోటోల్లో గుండ్రటి ద్వారాలు కనిపిస్తాయి. అవి వేరే పిట్టలవి, పేరు మాత్రం స్విఫ్ట్‌ది పెట్టి అమ్ముతున్నారు. అలాంటివి కొనకండి.

రెండోది లోపలి గిన్నె. గది మూలన, ద్వారానికి దూరంగా, చెక్కతో తొలిచిన లోతు తక్కువ గిన్నె ఒకటి అతికించి ఉంటుంది. స్విఫ్ట్ నేల మీద దిగి పుల్లలు ఏరుకోలేదు. గాల్లో తేలే ఈకలు, గడ్డిపోచలు పట్టుకొచ్చి ఉమ్మితో అతికించుకుంటుంది. గూడు కట్టడానికి దానికి చాలా కాలం పడుతుంది. నున్నటి చెక్క మీద గుడ్లు దొర్లిపోతాయి. గిన్నె ఉంటే మొదటి ఏడే గుడ్లు నిలుస్తాయి. మాకు వచ్చిన పెట్టెలో ఒక గదికి గిన్నె లేదు. ఈమెయిల్ పెడితే వారంలో పంపారు, డబ్బులడగలేదు. కానీ విప్పి చూడకుండా గోడకి బిగించేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. బిగించే ముందు తప్పకుండా మూత తీసి లోపల చూడండి.

మూత కింది వైపు తెరుచుకుంటుంది, చిన్న కెమెరా పెట్టుకోవడానికి రంధ్రం కూడా ఇచ్చారు. అతుకుల దగ్గర వెలుతురు పడదు. లోపల రంగు వేయలేదు, అదే సరైనది. బయట వైపు తెల్ల రంగు వేసుకోండి, ఎండకి తక్కువ వేడెక్కుతుంది.

ఇక కాగితం మీద ఇచ్చిన సూచనలు బాగా లేవు. "ఏ దిక్కుకైనా బిగించవచ్చు" అని రాశారు. ఎండ నేరుగా పడే దక్షిణపు గోడ మీద, చూరు నీడ లేకుండా పెడితే కూనలు వేడికి తట్టుకోలేవు. ఉత్తరమో తూర్పో మేలు. ఎత్తు గురించి ఒక్క ముక్క రాయలేదు. కనీసం 5 మీటర్లుండాలి, పెట్టె కింద చెట్టు కొమ్మలు గానీ తీగలు గానీ ఉండకూడదు. ఈ పిట్ట గూట్లోంచి ముందు కిందికి జారి, ఆ ఊపుతో ఎగురుతుంది. కింద ఖాళీ లేకపోతే పెట్టె ఎంత మంచిదైనా లాభం లేదు. నిచ్చెన వేసుకుని సొంతంగా ఎక్కొద్దు. పెట్టె బరువు తక్కువే గానీ ఆ ఎత్తులో డ్రిల్లు పట్టుకుని పని చేయడం ప్రమాదం. మేం రంగులేసే అతను పరంజా కట్టిన రోజునే బిగించమని అడిగాం.

స్పీకర్ కథ వేరు. స్విఫ్ట్‌లు కొత్త పెట్టెని వాటంతట అవి కనుక్కోవడం చాలా అరుదు. తోటి పిట్టల అరుపులు వినిపిస్తే ఇక్కడ కాలనీ ఉందనుకుని దగ్గరికి వస్తాయి. మే నుంచి జూలై ఆఖరు దాకా పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు ఆ అరుపులు వినిపించాలి. ఆలోచన చక్కటిది, పని చేస్తుంది కూడా. వీళ్ళిచ్చిన స్పీకర్ మాత్రం మొదటి వానకే బొంగురుపోయింది. టైమర్ కరెంటు పోయి వస్తే గడియారం మర్చిపోతుంది, తెల్లవారకముందే మోగడం మొదలుపెడుతుంది. శబ్దం తగ్గించే బటన్ ఉంది గానీ తక్కువలో పెట్టినా వీధి చివరికి వినిపిస్తుంది. పక్కింట్లో పసిబిడ్డ ఉంది, నాకు రోజూ అదే టెన్షన్. చివరికి దాన్ని తీసేసి మామూలు చిన్న స్పీకర్, పాత ఫోను, ప్లగ్గుకి పెట్టే టైమర్ కలిపి కిటికీ లోపలి నుంచి వినిపించాం. అది ఏ ఇబ్బందీ పెట్టలేదు. అరుపుల ఫైలు మాత్రం కిట్‌లోదే వాడాం, అందులో తప్పు లేదు.

మొదటి వేసవి ఎవరూ రాలేదు. ఒక గదిలో ఊరపిచ్చుకలు చేరాయి. వాటిని తరమకండి, ఇక్కడ వాటి సంఖ్య కూడా బాగా తగ్గింది. తర్వాతి వేసవి జూన్‌లో మూడు నాలుగు పిట్టలు గుంపుగా అరుస్తూ వచ్చి పెట్టెకి రెక్కలు తగిలించి పోవడం మొదలుపెట్టాయి. ఇక్కడి వాళ్ళు వాటిని బ్యాంగర్లు అంటారు. ఇంకా గుడ్లు పెట్టే వయసు రాని కుర్ర పిట్టలు. తలుపు తట్టి లోపల ఎవరైనా ఉన్నారా అని చూసుకుంటాయి. ఎవరూ బదులివ్వకపోతే ఆ చోటు గుర్తుపెట్టుకుంటాయి. స్విఫ్ట్‌కి గుడ్లు పెట్టే వయసు రావడానికి సుమారు నాలుగేళ్ళు పడుతుంది కాబట్టి, పెట్టె ఖాళీగా ఉందని రెండో ఏడే తీసేసేవాళ్ళు సరిగ్గా ఫలితం వచ్చే ముందు తీసేస్తున్నారన్న మాట. కొన్నవాళ్ళ రివ్యూల్లో "రెండేళ్ళయినా ఒక్క పిట్టా రాలేదు, ఒక స్టార్" అని చాలా కనిపిస్తున్నాయి. ఆ స్టార్లు చూసి పెట్టెని తేల్చకండి.

ఆ మరుసటి మేలో జంట వచ్చింది.

కెమెరాలో చూసినవి కొన్ని చెప్పకుండా ఉండలేను. తల్లిదండ్రులు గాల్లో పట్టిన పురుగుల్ని గొంతులో ఉండగా కట్టి తెస్తాయి. ఒక్కో ఉండలో వందల పురుగులుంటాయి. వాన పట్టిన రోజుల్లో అవి మబ్బుని తప్పించుకుంటూ చాలా దూరం వెళ్ళిపోతాయి, గంటలకొద్దీ రావు. మొదటిసారి అలా జరిగినప్పుడు మా అమ్మాయి భోజనం చేయలేదు. తీరా చూస్తే కూనలకి ఏమీ కాలేదు. తిండి లేనప్పుడు ఒంటి వేడి తగ్గించుకుని మొద్దుబారి పడుంటాయి, అలా కొన్ని రోజులు నెగ్గుకురాగలవు. ఎండ రాగానే పెద్దవి వచ్చాయి, కూనలు నోళ్ళు తెరిచాయి. ఆరు వారాల వయసుకి దగ్గరవుతుంటే రెక్కలు నేలకి ఆనించి ఒళ్ళంతా పైకి లేపడం మొదలుపెట్టాయి, కుర్రాళ్ళు దండీలు తీసినట్టు. తర్వాత ఒక సాయంత్రం పెద్ద కూన ద్వారం దగ్గరికి పాకి, చాలాసేపు బయటికి చూసి, జారి వెళ్ళిపోయింది. దానికి ఎవరూ ఎగరడం నేర్పరు, ఆఫ్రికాకి దారి చూపరు. తిరిగి గూటికి రాదు. రెండేళ్ళో మూడేళ్ళో దాని కాళ్ళు ఎక్కడా ఆనకపోవచ్చు.

ఇల్లు కొత్తగా కట్టిస్తున్నవాళ్ళకి, గోడ విప్పి మళ్ళీ కట్టిస్తున్నవాళ్ళకి నేను ఈ పెట్టె చెప్పను. స్విఫ్ట్ ఇటుక తీసుకోండి. బోలు ఇటుక, గోడలో కలిసిపోతుంది, ఒక్కోటి 30 పౌండ్ల ప్రాంతంలో దొరుకుతుంది. రంగు, మరమ్మతు, మూత అన్న మాటే ఉండదు, గోడ ఉన్నంత కాలం ఉంటుంది. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్ అండ్ హోవ్ నగర కౌన్సిల్ 2020 నుంచి 5 మీటర్లు దాటిన కొత్త భవనాలకి ఇది నిబంధనగా పెట్టింది. దేశమంతటా తప్పనిసరి చేయాలని రచయిత్రి, పక్షుల కోసం పోరాడే హన్నా బోర్న్-టేలర్ 2022లో మొదలుపెట్టిన వినతిపత్రానికి లక్షకు పైగా సంతకాలు వచ్చాయి, 2023 జూలైలో పార్లమెంటులో చర్చ జరిగింది. ఒక్క ఇటుక గురించి అంతమంది కదిలారంటే నాకు ధైర్యంగా ఉంటుంది.

ఇటుకకన్నా ముందు చేయాల్సింది ఇంకొకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. పైకప్పు పని ఒప్పుకునే ముందు ఒక జూన్ సాయంత్రం ఇంటి ముందు కుర్చీ వేసుకుని చూరు వైపు చూడండి. పిట్ట కన్నంలోకి దూరడం రెప్పపాటులో జరుగుతుంది, కాబట్టి ఓపిగ్గా చూడాలి. గూడు కనిపిస్తే ఆ కన్నం అలాగే ఉంచి పని చేయమని మేస్త్రీకి చెప్పండి, పని ఆగస్టు తర్వాతకి పెట్టించండి. పాత కన్నం నిలబెడితే ఏ పెట్టే అక్కర్లేదు.

పెట్టెకి నేనిచ్చేది 5కి 4 స్టార్లు, సూచనల కాగితానికి ఒకటి తగ్గించాను. స్పీకర్ కిట్‌కి 1. ఆర్డర్ పెట్టేవాళ్ళు ఫిబ్రవరిలోనే పెట్టండి, ఏప్రిల్‌లో స్టాక్ ఉండదు, బిగించేవాళ్ళూ దొరకరు. శుభ్రం చేయడానికి మూత తీస్తే సెప్టెంబరు తర్వాతే తీయండి, గిన్నెలో అతికిన ఈకల గూడు మాత్రం కదపకండి. వచ్చే ఏడు అదే జంట దాని మీదే గుడ్లు పెడుతుంది.