ఎక్స్‌పీ కంప్యూటరుకు 3 టీబీ హార్డ్ డిస్కు కొనేవారికి హెచ్చరిక

బెంగళూరు ఎస్.పి. రోడ్డులో పాత కంప్యూటర్లకు పెద్ద హార్డ్ డిస్కులు కొనదలచిన తెలుగువారు, ముఖ్యంగా నాలాగా ఏదో ఒక పాత యంత్రం కోసం విండోస్ ఎక్స్‌పీని వదులుకోలేక నెట్టుకొస్తున్నవారు, డబ్బు చెల్లించే ముందు ఈ విషయం తెలుసుకోవాలని మనవి.

మా ప్రెస్సులో ప్లేట్లు తయారుచేసే యంత్రం 32 బిట్ల ఎక్స్‌పీతో తప్ప పనిచేయదు. ఆ సంగతి స్పష్టంగా చెప్పి పాత ఫైళ్లు దాచుకోవడానికి డిస్కు అడిగితే, దుకాణదారు “ఏ విండోస్‌కైనా సరిపోతుంది సార్” అంటూ 3 టీబీ డిస్కు అంటగట్టారు. తగిలించి చూస్తే కనిపించింది 746 జీబీ మాత్రమే. వెళ్లి నిలదీస్తే, ఫార్మాట్ చేసినప్పుడు కొంత స్థలం పోవడం మామూలేనన్నారు.

ఆ మాట నమ్మకండి. తయారీదారులు 1000 చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కించడం వల్ల 3 టీబీ డిస్కు 2794 జీబీగా కనిపించడం సహజమే. అందుకు ఎవరినీ తప్పుపట్టలేం. కానీ 2794లోంచి 746 తీసివేస్తే సరిగ్గా 2048 జీబీ, అంటే విండోస్ లెక్కలో 2 టీబీ, వస్తుంది. డిస్కులో ఏ భాగం ఎక్కడుందో రాసుకునే పాత ఎంబీఆర్ పద్ధతిలో సెక్టారు (డిస్కులోని చిన్న గడి) సంఖ్యను 32 బిట్లలోనే రాస్తారు కనుక, 512 బైట్ల సెక్టార్లతో 2 టీబీ దాటి పోవడం దానికి సాధ్యం కాదు. దాటాలంటే దాని తర్వాత వచ్చిన జీపీటీ పద్ధతి కావాలి; 32 బిట్ల ఎక్స్‌పీకి అది చదవడం రాదు. అందుకే అంకెలు నిండిన పాత స్కూటరు మీటరు సున్నా నుంచి మళ్లీ మొదలైనట్టు, లెక్క మొదటికొచ్చి పైన మిగిలిన 746నే చూపింది.

పాత సీడీతో ఎక్స్‌పీని మళ్లీ ఎక్కించుకున్నవారికి ఇంతకంటే పెద్ద ముప్పు ఉంది. 2002లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1 అనే సవరణల కట్ట వేయకపోతే సెక్టార్లకు 28 బిట్ల చిరునామాలే దిక్కు కాబట్టి హద్దు 137 జీబీ దగ్గరే ఆగుతుంది. అది దాటి రాయబోతే ఉన్న డేటా కూడా పాడైపోవచ్చు. స్థలం తగ్గితే కనీసం కంటికి కనిపిస్తుంది, ఇది మాత్రం ఫైలు తెరిచేదాకా బయటపడదు.

డిస్కును బయటినుంచి తగిలించే యూఎస్‌బీ పెట్టెలో పెట్టి వాడుకోమని దుకాణదారు మరో సలహా ఇచ్చారు. కొన్ని పెట్టెలు సెక్టారును 4096 బైట్లుగా చూపించి ఎక్స్‌పీలోనూ మొత్తం స్థలం అందిస్తాయన్నది నిజమే. అయితే రేపు ఆ పెట్టె చెడిపోయి డిస్కును నేరుగా కంప్యూటరు లోపలి సాటా కేబుల్‌కు కలిపితే, అందులో రాసుకున్నది చదవడానికి రాదు. ప్రెస్సు ఫైళ్లను అలాంటి పెట్టె మీద భారం వేసి వదిలేయడం నాకు ఇష్టం లేదు.

డిస్కులో లోపం లేదు కనుక వెనక్కి తీసుకోబోమని దుకాణదారు తేల్చేశారు. లోపం లేదన్నది నిజమే, తప్పుడు హామీకి మాత్రం జవాబు లేదు. ఎక్స్‌పీకి 2 టీబీ డిస్కుతో సరిపెట్టుకోండి. అంతకు మించి కావాలంటే డిస్కును విండోస్ 7 ఉన్న మరో కంప్యూటరులో పెట్టి నెట్‌వర్కు ద్వారా వాడుకోండి. ఏది కొన్నా, మీ విండోస్ పేరునూ, దానితో పూర్తి స్థలం కనిపించకపోతే మార్చి ఇస్తామన్న మాటనూ బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి.