ప్రమాదకర జంతువుల ప్రాజెక్టు: దివిసీమలో రెండు వానాకాలాలు వాడాక

మా ఇద్దరు పిల్లలకు ఇంట్లోనే చదువు చెబుతున్నాం. పెద్దదానికి పదకొండేళ్లు, చిన్నోడికి ఏడు. వాళ్లతో చేయించిన క్రాఫ్ట్ ప్రాజెక్టులు చాలావరకు నెల తిరక్కుండానే అటకెక్కాయి. ప్రమాదకర జంతువుల ప్రాజెక్టు మాత్రం రెండు వానాకాలాలు దాటినా ఇంకా వాడుతూనే ఉన్నాం. తెలిసినవాళ్లు తరచూ అడుగుతున్నారు కాబట్టి ఏది నిలిచింది, ఏది పాడైంది, పిల్లలకు నిజంగా ఏం వచ్చింది అన్నది రాస్తున్నాను.

మొదలుపెట్టింది డబ్బిచ్చి కొన్న ప్రింట్ సెట్‌తో. ల్యాప్‌బుక్ అంటారు కదా, అదే. ఫైలు అట్టను రెండు పక్కల నుంచీ లోపలికి మడిచి, లోపల చిన్న చిన్న కాగితపు మడతలు అతికించాలి. మడత ఎత్తితే ఒక్కో జంతువు సంగతి కనిపిస్తుంది. షార్కు, బాక్స్ జెల్లీఫిష్, కొమోడో డ్రాగన్, విషపు కప్ప అన్నీ ఉన్నాయి. బొమ్మలు చక్కగా ఉన్నాయి, కాగితం కూడా మంచిదే. పాముల పేజీలో మాత్రం ర్యాటిల్ స్నేక్ ఉంది. అమెరికా ఖండాల్లో తప్ప అది ఇంకెక్కడా ఉండదు. మేముండేది అవనిగడ్డ దగ్గర, ఇంటి వెనక గడ్డివామి, దాని వెనక వరిచేలు. 2018 ఆగస్టులో మా దివిసీమలో పాముకాట్లు వరసగా నమోదై రాష్ట్రమంతా చెప్పుకున్నారు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడిలో సర్పయాగం కూడా చేశారు. అలాంటి చోట పెరిగే పిల్లలకు ర్యాటిల్ స్నేక్ తోక ఎలా ఆడిస్తుందో తెలిసి, కట్లపాము ఎలా ఉంటుందో తెలియకపోతే ఆ చదువు దేనికి?

అందుకే కొన్న సెట్‌లో అట్ట, మడతల పద్ధతి ఉంచుకుని జంతువులన్నీ మార్చేశాం. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, దోమ, ఎర్రతేలు, కుక్క. షార్కు లేదని చిన్నోడు అలిగితే లెక్క చూపించాను. ప్రపంచం మొత్తం మీద షార్కుల వల్ల ఏటా చనిపోయేది పదిమంది అటూ ఇటూ. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది పోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. మరణాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. ఆ రెండు అంకెలకు సరిపడా కాగితపు పట్టీలు కత్తిరించమంటే కాసేపు కత్తిరించి, ఇల్లంతా పరిచినా చాలదని వాడే ఆపేశాడు.

ఇక అసలు పని, పాముల బొమ్మలు. కొబ్బరి తాడు లోపల పెట్టి, పైన పేపరు ముక్కలు చుట్టి, దాని మీద కాగితపు గుజ్జు మెత్తాం. గుజ్జులో మెంతిపిండి కలపమని మా అత్తయ్య చెప్పింది. పూర్వం ఇళ్లలో కాగితపు బుట్టలు చేసేటప్పుడు పురుగు పట్టకుండా అలాగే కలిపేవారు. మైదా జిగురులో మైలుతుత్తం వేసే అలవాటు కూడా ఉండేది. అది విషం, పిల్లల చేతికి ఇవ్వకూడదు. మేం జిగురుకి ఫెవికాల్ వాడాం. ఎండాకాలంలో చేసినవి రాయిలా గట్టిపడి ఇప్పటికీ చెక్కుచెదరలేదు. శ్రావణంలో చేసినవాటికి లోపల తడి ఆరక బూజు పట్టింది, రెండింటిని పారేశాం. మీరు చేస్తే ఏప్రిల్, మే నెలల్లోనే చేయండి.

చేతులతో చేస్తే ఏం వస్తుందో కట్లపాము దగ్గర తెలిసింది. పుస్తకంలో “నల్లటి ఒంటిమీద తెల్లటి గీతలు” అని చదివి వదిలేస్తాం. బొమ్మకి రంగు వేసేటప్పుడు గీతలు ఎక్కడ మొదలవ్వాలి, ఎంత దూరంలో ఉండాలి అన్న ప్రశ్న వస్తుంది. కట్లపాముకి గీతలు సన్నగా, సాధారణంగా జంటలు జంటలుగా ఉంటాయి. తల దగ్గర మసకగా ఉండి, కొన్నిటికి అసలు లేకుండా, తోక వైపు వెళ్లేకొద్దీ స్పష్టమవుతాయి. ఇళ్లలో గోడలెక్కే విషం లేని వుల్ఫ్ స్నేక్‌కి దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది, మెడ దగ్గర వెడల్పు పట్టీలు, తోక వైపు మాయమవుతాయి. ఇంకో గుర్తు వెన్ను మీద. కట్లపాము నడివెన్ను వెంబడి పొలుసులు మిగతావాటికన్నా పెద్దవి, ఆరు మూలలవి. పెద్దది నల్లటి గ్లేజ్ పేపర్‌ని ఆరు మూలలుగా కత్తిరించి, మెడ నుంచి తోక దాకా ఒక్కొక్కటి పట్టకారుతో పెట్టి అతికించింది. సాయంత్రాలు సాయంత్రాలు పట్టింది. ఆ వరస ఎక్కడుంటుందో దానికి ఇక ఎవరూ గుర్తు చేయక్కర్లేదు.

నాగుపాము పడగకి కొబ్బరి ఈనెలు వాడాం. పడగ గాలి నింపుకుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మెడ దగ్గరి పొడవాటి పక్కటెముకలు పక్కలకు విచ్చుకుని చర్మాన్ని సాగదీస్తాయి. పాత పట్టు జాకెట్టు ముక్క కింద ఈనెలు దారంతో కట్టి లాగితే విచ్చుకునేలా చేశాం. ఊళ్లో పిల్లలు వచ్చినప్పుడల్లా ముందు దీన్నే పట్టుకుంటారు, అందుకే దారం మూడుసార్లు మార్చాల్సి వచ్చింది. చిన్నపింజర మా డెల్టాలో తక్కువ, మెట్ట నేలల్లో ఎక్కువ. అది చుట్టలు ఒకదానికొకటి రాసుకుంటూ పొలుసులతో చప్పుడు చేస్తుంది. రెండు చుట్టలకీ వడ్రంగులు వాడే ఉప్పుకాగితం అతికించి రుద్దితే దాదాపు ఆ చప్పుడే. రక్తపింజర వెన్ను మీద గొలుసులా మూడు వరసల మచ్చలు వేయడం ఒక్కటే కష్టపెట్టింది. కార్డుబోర్డులో అచ్చు కత్తిరించుకుంటే సులువవుతుంది. ఆ పాము బుస గురించి నాట్లకి వచ్చిన ఒక కూలీ మనిషి చెప్పింది. “కుక్కర్ ఆవిరి వదిలినట్టు ఉంటదమ్మా, ఆ చప్పుడు వింటే అడుగు వెనక్కే” అంది. పిల్లలకు నా పాఠాలన్నిటికంటే ఆ మాట గట్టిగా పట్టుకుంది.

ఈ నాలుగు పాములే ఎందుకంటే, మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు ఇంజక్షన్ ఈ నాలుగింటి విషానికి కలిపి తయారైనది. ఆ మందుకి కావాల్సిన విషాన్ని సేకరించే పనిని చెన్నై దగ్గర 1978లో ఏర్పడిన ఇరుళ తెగవాళ్ల సహకార సంఘం చేస్తోంది. ఆ తెగకు చెందిన ఇద్దరు పాములు పట్టేవాళ్లకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ల్యాప్‌బుక్‌లో వాళ్లకీ ఒక మడత ఉంది.

రెండో భాగం కాటు తర్వాత ఏం చేయాలన్నది. నా దృష్టిలో ప్రాజెక్టు విలువంతా ఇక్కడే ఉంది. కట్లపాము సాధారణంగా రాత్రిపూట, నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. చాలాసార్లు నొప్పి, వాపు ఉండవు, గాటు కూడా కనిపించదు. కొన్ని గంటల్లో రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, తర్వాత ఊపిరి అందదు. దీనికి అట్టతో ముఖం చేసి, రెప్పలను పిన్నుతో బిగించి కిందికి వాలేలా పెట్టాం. “నొప్పి లేదు కదా, తెల్లారాక చూద్దాం” అనకూడదని చిన్నోడు ఆ ముఖం పట్టుకుని నానమ్మకి చెబుతాడు. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. ఆసుపత్రిలో కొంచెం రక్తం పొడి గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే పింజర విషం పని చేస్తోందని అర్థం. మేం బీట్‌రూట్ రసాన్ని ఒక గ్లాసులో చైనా గ్రాస్‌తో, ఇంకో గ్లాసులో ఉత్తదిగా పోసి, గడియారం చూసి వంచాం. చేసిన ప్రతిసారీ పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు.

ప్రథమ చికిత్స సాధన బొమ్మలతో కాదు, మనుషులతో చేయాలి. ఉంగరాలు, గాజులు తీయడం, కాలు కదలకుండా స్కేలు, తువ్వాలు పెట్టి వదులుగా కట్టడం, 108కి ఫోన్ చేసి ఊరి గుర్తులు చెప్పడం. గట్టిగా తాడు బిగించకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, పాముని పట్టి తేవాలని టైము పోగొట్టకూడదు. ఫోన్ చేయడం అన్నిటికంటే కష్టమైంది. చిన్నోడు ఇంటి అడ్రసు చెప్పగలడు గానీ “మెయిన్ రోడ్డు నుంచి ఎటు తిరగాలి” అంటే తడబడేవాడు. ఇప్పుడు గడగడా చెబుతాడు.

దోమ, కుక్క, తేలు గురించి క్లుప్తంగానే చెబుతాను. తేలు బొమ్మకి మెరిసే రంగు వేశాం, ఎందుకంటే అసలు తేలు అతినీలలోహిత టార్చి కింద పచ్చగా మెరుస్తుంది. ఆ ఒక్క సంగతి తప్ప ఆ భాగం పెద్దగా రాలేదు. దోమ భాగం మాత్రం బాగా కుదిరింది. మలేరియా క్రిమిని దోమ పొట్టలో రోనాల్డ్ రాస్ చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. ఈనెలతో అనాఫిలిస్ దోమని తోక పైకెత్తి వాలినట్టు చేశాం. నీళ్ల తొట్టిలో పిల్లపురుగులు నీటిమట్టానికి అడ్డంగా పడుకుంటే అనాఫిలిస్, తలకిందులుగా వేలాడితే వేరే జాతి. ఇప్పుడు తొట్టి పారబోసేముందు మావాళ్లు వంగి చూస్తారు. కుక్క కాటు సాధన కోసం, గాయం లేని చేతికి కుక్క చొంగ బదులు నూనెలో కలిపిన పసుపు రాసి, కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగించాం. పదిహేను నిమిషాలు ఎంతసేపో అలా చేస్తేనే తెలుస్తుంది. ఆ తర్వాత టీకా తప్పనిసరి అన్నది మడతలో ఎర్ర అక్షరాలతో రాసి ఉంది.

లోపాలు కూడా చెప్పాలి. ల్యాప్‌బుక్ మడతల అంచులు మొదటి వానాకాలానికే లేచిపోయాయి. లామినేషన్ చేయిస్తే రంగులు వేసుకోవడానికి వీలుండదు. అంచులకు గుడ్డ టేపు అంటించాక నిలిచాయి. ఇంతకన్నా పెద్ద విషయం, గుర్తులు నేర్చుకున్న పిల్లలకు “నేను గుర్తుపట్టగలను” అన్న ధైర్యం వస్తుంది. అది ప్రమాదం. ఒకే జాతి పాముల్లోనూ రంగు తేడా ఉంటుంది, పిల్లపాము వేరుగా ఉంటుంది, చీకట్లో ఏదీ సరిగ్గా కనిపించదు. ఇంట్లో ఒకటే రూలు పెట్టాం. గుర్తుపట్టినా పట్టకపోయినా నిలబడాలి, వెనక్కి జరగాలి, పెద్దవాళ్లని పిలవాలి. బొమ్మలన్నిటినీ చెక్కపలకకి మేకులతో బిగించేశాం. నేలమీద కనిపించేది ఏదైనా సరే బొమ్మ కాదు, నిజమైనదే అనుకోవాలి. రబ్బరు పాములు కొని ఇంట్లో వదిలేసేవాళ్లు ఈ ఒక్క సంగతి ఆలోచించాలని నా మనవి.

“పిల్లలకి పాములాట నేర్పుతున్నావా ఏంటమ్మా?” అని పక్కింటి పెద్దమ్మ మొదట్లో కంగారు పడింది. ఇప్పుడు ఆమే తన మనవడిని పంపుతోంది. ఇంట్లో అందరం నేలమీద పడుకోవడం మానేశాం. దోమతెర అంచులు పరుపు కింద దోపడం చిన్నోడి డ్యూటీ. దోమా రాదు, కట్లపామూ రాదు అని వాడే చెబుతాడు. గడ్డివామి ఇంటికి దూరంగా జరిపాం. జెర్రిగొడ్డు కనిపిస్తే కర్ర తీసే అలవాటు మా ఆయన మానుకున్నాడు, అది ఎలకల్ని తినే విషం లేని పామని పెద్దది మడత తీసి చూపించాక.

ఐదేళ్ల లోపు పిల్లలకు ఇది వద్దు. వాళ్లకు దోమ, కుక్క భాగాలు చాలు. ఏడు దాటినవాళ్లకు పాముల భాగం పెట్టవచ్చు, రెప్పలు వాలే ముఖం చూసి భయపడే పిల్లలుంటే దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి. పదో తరగతి ఓపెన్ స్కూల్‌లో రాయించాలనుకునేవాళ్లకు సైన్సులో నాడీవ్యవస్థ, రక్తం పాఠాలు దీనితోనే కలిపి చెప్పొచ్చు, మేం అలాగే మొదలుపెట్టాం. ఖర్చు ఫెవికాల్, రంగులు, గుడ్డ టేపు మాత్రమే. కొన్న ప్రింట్ సెట్ లేకపోయినా ఏమీ తగ్గదు. మీది రాయలసీమ అయితే చిన్నపింజర పెద్దగా చేయండి, ఉద్దానం వైపు అయితే ఎలుగుబంటి, నల్లమల అంచున ఉంటే చిరుత కలపండి.