మరడిహళ్లి రాతి దిండ్లకు ఇరవై నిమిషాలేనా?

డిసెంబరు చలిలో తెల్లవారుజామున అయిదింటికి బెంగళూరు మారతహళ్లి వంతెన దగ్గరికి రమ్మని, వాన్‌ను ఆరుంబావుకు తెచ్చారు. మనిషికి 1,800 రూపాయలు. శాలువా మీద శాలువా కప్పుకున్న అమ్మ, "అగ్నిపర్వతం చూపిస్తానని తీసుకొచ్చి గడ్డకట్టిస్తున్నావు" అంది. చిత్రదుర్గ వైపు మరడిహళ్లికి వెళ్లే ఈ ఒక్కరోజు యాత్ర నడిపేవాళ్ల పేరు రాయను. క్యాతసంద్రలో తట్టె ఇడ్లీ బాగుంది, ఆ ఖర్చు మనదే.

హిరియూరు దాటాక హైవే దిగి మరడిహళ్లి చేరాం. పొగ, ఎర్రని లావా ఆశించేవాళ్లు డబ్బు దాచుకోండి. ఇది దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట నీటి అడుగున చల్లారిన లావా, జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. దూరానికి మామూలు గుట్టే. దగ్గరికి వెళ్తే బండ నిండా దిండ్లు, పెళ్లివారి విడిదిలో ఒకదాని మీద ఒకటి పడేసినట్టు.

గైడు భూగర్భశాస్త్రం చదివిన కన్నడ కుర్రాడు. లావా నీళ్లలోకి రాగానే పైపొర బిగుసుకుంటుందని, లోపలి వేడి ముద్ద దాన్ని చీల్చుకుని ఇంకో ఉండగా బయటపడుతుందని చెబుతుంటే అమ్మ అడ్డొచ్చింది: "అరిసెల పాకం చన్నీళ్లలో వేసి చూడటమే కదా నాయనా!" అతనికి తెలుగు అంతంతమాత్రం, పాకం అన్న మాట మాత్రం అందింది. నవ్వి, గొంతుకూర్చుని, ఒక దిండు అంచు వెంట వేలు నడిపించాడు. పైవైపు గుండ్రం. అడుగేమో కింది రెండు దిండ్ల సందులోకి జారి మొనదేలింది. ముద్ద మెత్తగా ఉన్నప్పుడే అలా దిగబడింది. అందుకే తర్వాత నేల ఎంత తిరగబడినా, అప్పట్లో ఏది పైవైపో ఈ మొన చెబుతుందట. అమ్మ ఇంకో నాలుగు దిండ్లకు తనే మొన వెతుకుతుండగా డ్రైవరు హారన్ కొట్టాడు. ఇరవై నిమిషాలు అయిపోయాయి!

చిత్రదుర్గ కోటకు మాత్రం మూడు గంటలు. హైదర్ అలీ సైనికులను ఓబవ్వ రోకలితో అడ్డుకున్న రాతి సందు, ఓబవ్వ కిండి, చూడవలసిందే, కాదనను. కానీ కోట బండలనూ కరపత్రంలో అగ్నిపర్వత శిలలని వేశారు. అవి గ్రానైట్ అని గైడే మెల్లగా చెప్పాడు.

గైడుకు అయిదుకు అయిదు, నడిపేవాళ్లకు రెండు. వెళ్లేవాళ్లు రాళ్ల దగ్గర గంట ఆపేలా ముందే ఒప్పించుకోండి, చెవులకు మఫ్లర్ మరవకండి. తిరుగు దారిలో మా పక్క కిటికీ అద్దం పైకి రాలేదు. అమ్మ రెండో శాలువా నేనే కప్పుకున్నాను.