శివరాత్రి దాటాక అరకు

అరకు అంటే అందరూ డిసెంబరే అంటారు. మంచు, వలిసె పూల పసుపు, వంజంగిలో మబ్బుల మీద సూర్యోదయం కావాలంటే అదే సీజన్, కాదనను. గదుల కోసం పడే పాట్లు, ఘాట్ రోడ్డులో బారులు తీరే కార్లు తలుచుకుంటే మాత్రం నా ఓటు శివరాత్రి దాటిన రోజులకే.

విశాఖలో పొద్దున్నే బయలుదేరే కిరండూల్ రైలెక్కండి. శృంగవరపుకోట దాటి కొండెక్కుతుంటే మోదుగలు కనిపిస్తాయి. ఆకన్నదే లేని కొమ్మల నిండా వంకీ తిరిగిన నారింజ ఎరుపు రేకులు, వాటి మొదట్లో నల్లటి మెత్తటి తొడిమలు. అద్దాల విస్టాడోమ్ బోగీ వెళ్లేటప్పుడు బాగుంటుంది. మధ్యాహ్నపు తిరుగు రైల్లో ఎండంతా నెత్తిమీదే, అందుకే మేం రోడ్డున దిగాం.

రోడ్డున దిగితే ఇంకో లాభం, అనంతగిరి కాఫీ తోటలు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, వాటికి పాకిన మిరియాల తీగల కింద, కాఫీ మొగ్గలు వాన కోసం కాచుకుని ఉంటాయి. ఒక్క మంచి జల్లు పడితే వారం పది రోజులకి తోటంతా ఒకేసారి విచ్చుకుంటుంది. కణుపు కణుపుకీ తెల్లటి గుత్తులు, మల్లెల్ని మరిపించే వాసన. రెండు మూడు రోజులకే వాడిపోతాయి. కాబట్టి బయలుదేరే ముందు బస చేసే చోటికి ఫోన్ చేసి, వాన ఎప్పుడు పడిందో కనుక్కోవడం మేలు.

బస సంగతికొస్తే, ముందస్తు బుకింగ్ లేకుండానే గది దొరికింది. అయితే సీజన్ అయిపోయిందని ఆ రిసార్టు వాళ్లు సిబ్బందిని తగ్గించేశారు. సోలార్ వేడినీళ్లన్నారు గానీ తెల్లారేసరికి కుళాయిలో చన్నీళ్లే. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్న మాట మైదానానికి సరిపోతుంది. తొమ్మిది వందల మీటర్ల ఎత్తున అది ఇంకా బేరమాడుతూనే ఉంటుంది. పగలు ఎండ చురుక్కుమంటుంది, రాత్రికి రెండో దుప్పటి కావాలి. గీజర్ ఉందో లేదో అడక్కుండా డబ్బు కట్టకండి.

కటికి జలపాతం సన్నబడింది, దానికోసం జీపెక్కడం దండగ. చాపరాయిలో నీళ్లు తగ్గి బండలు తేలాయి. పిల్లలతో కూర్చోవడానికి హాయి, నాచు మాత్రం జారుతుంది. బొర్రా గుహలకి ఋతువుతో పనిలేదు, మిట్టమధ్యాహ్నానికి అట్టే పెట్టుకోండి. లంబసింగి ఈసారి వదిలేశాం. మంచు లేనప్పుడు పాడేరు మీదుగా అంత దూరం పోయే బదులు కాఫీ తోటల్లో ఇంకో పూట ఉండడమే నయం.