రాబెన్ ద్వీపం జైలు సందర్శన: మండేలా గదితో పాటు చూడవలసినవి

కేప్‌టౌన్ తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న రాబెన్ ద్వీపానికి వెళ్ళేవారిలో ఎక్కువమంది నెల్సన్ మండేలాను బంధించిన గదిని చూడాలన్న కోరికతోనే వెళతారు. నేను వెళ్ళిందీ అందుకే. ఆ కోరిక తీరడమే కాక, వర్ణవివక్ష అనేది జైలు గోడల లోపల కూడా ఎంత పకడ్బందీగా నడిచిందో, దానిని ఆయన, ఆయన సహచరులు కలిసి ఎలా ఎదిరించారో ఈ యాత్ర అర్థం చేయిస్తుంది. అందుకే దీనిని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తున్నాను.

నగరంలోని వాటర్‌ఫ్రంట్ రేవులో మండేలా పేరుతోనే ఉన్న గేట్‌వే భవనం నుంచి ఫెర్రీ బయలుదేరుతుంది. రానుపోను ప్రయాణంతో కలిపి మొత్తం యాత్రకు దాదాపు మూడున్నర గంటలు పడుతుంది. ద్వీపంలో కొంత భాగం బస్సులోనూ, జైలు భాగం కాలినడకనా చూపిస్తారు.

ఈ ఏర్పాటులో అన్నిటికంటే విలువైనది, జైలు లోపల చూపించే బాధ్యతను అదే జైల్లో రాజకీయ ఖైదీలుగా ఉన్నవారికి అప్పగించడం. తాము పడుకున్న హాలులోనే నిలబడి, తమ ఉత్తరాలను సెన్సారు చేసిన తీరును, ఆరు నెలలకు ఒక ఉత్తరం, ఒక ములాఖత్ మాత్రమే దక్కిన తొలి రోజులను వారు వివరిస్తుంటే, పుస్తకాల్లో చదివిన విషయాలే కొత్త బరువుతో వినిపిస్తాయి. చివరి రాజకీయ ఖైదీలు ఇక్కడి నుంచి విడుదలైనది 1991లో. అంటే వారిలో అందరికంటే చిన్నవారికి కూడా ఇప్పుడు వయసు మీద పడుతోంది. వెళ్ళాలనుకునేవారు ఆలస్యం చేయవద్దనడానికి నాకు తోచిన మొదటి కారణం ఇదే.

జైల్లో ప్రదర్శించిన భోజన పట్టిక దగ్గర తప్పక ఆగండి. భారతీయ మూలాలున్న ఖైదీలకు, మిశ్రమజాతి ఖైదీలకు ఒక రకం తిండి, నల్లజాతి ఖైదీలకు అంతకంటే తక్కువ రకం తిండి ఇచ్చేవారు. మొదటివారికి దొరికే రొట్టె రెండోవారికి లేదు. బట్టల్లోనూ అదే తేడా. 1964 జూన్‌లో రివోనియా కేసులో (వర్ణవివక్ష ప్రభుత్వంపై విధ్వంసానికి కుట్ర పన్నారని పెట్టిన కేసు) యావజ్జీవ శిక్ష పడి ఇక్కడికి వచ్చిన ఏడుగురిలో, గుజరాతీ కుటుంబానికి చెందిన అహ్మద్ కత్రాడాకు నిండు పంట్లాము ఇచ్చి, ఆయన కంటే వయసులో పెద్దవారైన మండేలాకు, వాల్టర్ సిసులూకు పొట్టి నిక్కర్లు ఇచ్చారు. అదే కేసులో శిక్ష పడిన డెనిస్ గోల్డ్‌బర్గ్ తెల్లజాతివాడు కనుక ఆయనను అసలు ఈ ద్వీపానికే తేకుండా ప్రిటోరియా జైల్లో ఉంచారు. నిక్కర్ల గురించి మండేలా ఫిర్యాదు చేస్తే కొన్నాళ్ళకు ఆయన ఒక్కరికే పంట్లాము ఇచ్చారు. మిగిలినవారికి ఇవ్వలేదని తెలిసి ఆయన దానిని తిరిగి తీసుకుపొమ్మన్నారు. నా దృష్టిలో ఆయన నాయకత్వం ఎటువంటిదో చెప్పడానికి ఈ ఒక్క సంఘటన చాలు.

బి సెక్షన్‌లోని ఆయన గది చాలా చిన్నది. చాప, దుప్పట్లు, చిన్న బల్ల, బకెట్టు తప్ప అందులో ఏమీ లేవు. 27 ఏళ్ళ నిర్బంధంలో 18 ఏళ్ళు ఆయన ఈ ద్వీపంలోనే గడిపారు. కిటికీ ముందు సందర్శకుల వరుస కదులుతూ ఉంటుంది కనుక ఫోటో కోసం తొందరపడకుండా ముందు కంటితో చూడడం మంచిది.

బస్సు యాత్రలో రెండు చోట్లు నాకు ముఖ్యమనిపించాయి. ఒకటి సున్నపురాయి క్వారీ. అక్కడి తెల్లని రాతి మీద పడి తిరిగివచ్చే ఎండ, ఆ ధూళి కలిసి ఏళ్ళ తరబడి పనిచేసిన మండేలా కళ్ళను దెబ్బతీశాయి. 1995లో పాత ఖైదీలు మళ్ళీ ఇక్కడ కలిసినప్పుడు ఆయన ఒక రాయి తీసి పెట్టగా, మిగిలినవారు తలా ఒకటి చేర్చారు. ఆ రాళ్ళ కుప్పను అలాగే ఉంచారు. రెండోది, వర్ణవివక్షపై పోరాడిన మరో నాయకుడు రాబర్ట్ సోబుక్వేను ఉంచిన ఇల్లు. మూడేళ్ళ శిక్ష పూర్తయినా ఆయనను వదలకుండా, కేవలం ఆయన కోసమే అన్నట్లు 1963లో చట్టం తెచ్చి, ఏటా నిర్బంధాన్ని పొడిగిస్తూ 1969 వరకు ఇతర ఖైదీలతో మాట కలపనివ్వకుండా ఒంటరిగా ఉంచారు. మండేలా పేరు విన్నంతగా ఈయన పేరు మనలో చాలామంది వినలేదు. ఈ ఇంటి దగ్గర ఇంకాసేపు నిలవాలని నాకు బలంగా అనిపించింది. వెళ్ళేముందు ఆయన గురించి కొంత చదువుకోండి.

టికెట్లు ముందుగానే కొనుక్కోవాలి. గాలి, అలలు ఎక్కువైతే ఫెర్రీలు రద్దవుతాయి కాబట్టి కేప్‌టౌన్‌లో మీ చివరి రోజుకు దీనిని పెట్టుకోకండి. క్వారీ వైపు ఎండ తీవ్రంగా ఉంటుంది, నల్ల కళ్ళద్దాలు, టోపీ అవసరం. పదేళ్ళు దాటిన పిల్లలుంటే తప్పకుండా తీసుకువెళ్ళండి, వారి ప్రశ్నలను గైడ్‌నే అడగనివ్వండి.