పులితేన్పులకు ఏది మేలు: అవిపత్తికరమా, అతిమధురమా, ధనియాల నీళ్ళా?

గుండెల్లో మంట, పులితేన్పులు, భోంచేసి గంట తిరక్కుండా గొంతులోకి ఎగదన్నే చేదునీళ్ళు. గోదావరి జిల్లాల్లో వీటన్నిటికీ ఒకటే పేరు, గ్యాస్. ఆయుర్వేదంలో ఇది ఆమ్లపిత్తం. పైకి తన్నుకొచ్చేది ఊర్ధ్వగం, విరేచనాల దారి పట్టేది అధోగం అని రెండు రకాలుగా చెప్పారు. షాపుకెళ్ళి 'గ్యాస్‌కి ఏదైనా చూర్ణం ఇవ్వండి' అనేవాళ్ళు ఈ తేడా పట్టించుకోరు. ఏ మందు ఎవరికి పడుతుందన్నది సగం ఇక్కడే తేలుతుంది. మిగతా సగం బీపీ, షుగరు చెబుతాయి.

అవిపత్తికర చూర్ణం

అందరి నోటా నానిన పేరు ఇదే. డబ్బాలో ఏముందో మాత్రం చూసేవాళ్ళు తక్కువ. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, కరక్కాయ, తానికాయ, ఉసిరి, తుంగముస్తలు, బిడలవణం, వాయువిడంగాలు, ఏలకులు, ఆకుపత్రి, ఈ 11 దినుసులూ ఒక్కో భాగం. వాటికి సమంగా లవంగాలు 11 భాగాలు. ఆ మొత్తానికి రెట్టింపు తెల్ల తెగడ, అంటే 44 భాగాలు. అన్నీ కలిపితే 66. దానికి సమానంగా మళ్ళీ 66 భాగాల చక్కెర. లెక్కేస్తే, మీరు నోట్లో వేసుకునే 3 గ్రాముల్లో ఒకటిన్నర గ్రాము చక్కెర, ఒక గ్రాము తెగడ, పావు గ్రాము లవంగం. మిగిలిన పావు గ్రాములోనే ఆ 11 దినుసులూ సర్దుకోవాలి.

తెగడ విరేచనకారి. అసలు పని దానిదే. కాబట్టి మంటతోపాటు మలబద్ధకం ఉన్నవాళ్ళకు, రెండు మూడు రోజులకోసారి గానీ కడుపు కదలనివాళ్ళకు ఇంతకు మించినది లేదు. 3 గ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, భోజనానికి ముందు గానీ మధ్యలో గానీ, చల్లని నీళ్ళతో వేసుకోవాలి. కొబ్బరి నీళ్ళు కూడా దీనికి శాస్త్రం చెప్పిన అనుపానమే, అంటే మందుతోపాటు తాగేది. కోనసీమలో దానికోసం వెతుక్కునే పని లేదు.

ఇక బెడిసేది ఎక్కడంటే, రోజుకు మూడుసార్లు పల్చగా విరేచనమయ్యేవాళ్ళు కూడా ఇదే కొనుక్కుంటారు. కడుపులో మెలిపెట్టి, నీరసం వచ్చి, 'ఆయుర్వేదం నాకు పడలేదు' అంటారు. పడనిది ఆయుర్వేదం కాదు, తెగడ. గర్భిణులు దీని జోలికి పోకూడదు. షుగరు ఉన్నవాళ్ళు అందులో సగం చక్కెరేనని గుర్తుంచుకోవాలి. ఎవరైనా రెండు మూడు వారాలకు మించి వైద్యుణ్ణి అడగకుండా సాగదీయకూడదు. ఇంకొకటి, మన గాలిలో తేమకు చక్కెర ఉన్న ఏ చూర్ణమైనా వానాకాలంలో ముద్దకడుతుంది. పెద్ద డబ్బా కొనకండి, తడి చెంచా పెట్టకండి. గడ్డకట్టి వాసన మారితే పారేయడమే.

అతిమధురం

ఇది విరేచనం చేయించదు. జిగురుగా గొంతుకూ కడుపుకూ పూతలా పట్టి మంటను చల్లారుస్తుంది. ఖాళీ కడుపున మండి, ఏదైనా తింటే తగ్గేవాళ్ళకు, గొంతు గరగరలాడేవాళ్ళకు అవిపత్తికరం కన్నా ఇదే నయం. పొడి ఒక గ్రాము నుంచి రెండు గ్రాములు, గోరువెచ్చని పాలలో, రోజుకు రెండుసార్లు చాలు.

దీనికో మెలిక ఉంది. ఇందులోని గ్లిసిరైజిన్ ఒంట్లో ఉప్పును నిలబెట్టి పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది. ఫలితంగా బీపీ పెరుగుతుంది, కాళ్ళు వాస్తాయి. ఆవకాయ, ఎండుచేపలు, ఉప్పు మిరపకాయలు రోజూ ఉండే మన ఇళ్ళలో అసలే ఉప్పు ఎక్కువ. బీపీ మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వాడేవాళ్ళు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు, గర్భిణులు దీన్ని వదిలేయాలి. మిగతావాళ్ళయినా నాలుగు వారాలు దాటనివ్వకూడదు.

ధనియాల నీళ్ళు

బలంలో మొదటి రెండింటికీ సాటిరాదు. కానీ వేసవిలో అందరికీ నప్పేది ఇదే. చేసేటప్పుడే చాలామంది చెడగొడతారు. ధనియాలు మరిగిస్తే అది కషాయం. ఇక్కడ కావలసింది హిమం. పచ్చి ధనియాలు (వేయించినవి కాదు) 10 గ్రాములు కచ్చాపచ్చాగా దంచి, ఆరు రెట్లు, అంటే 60 మి.లీ. చల్లని నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. మరిగిస్తే సువాసన నూనెలు ఆవిరైపోతాయి, అందుకే పొయ్యి ఎక్కించరు. పొద్దున్నే చేత్తో పిసికి, వడగట్టి, కాస్త పటికబెల్లం కలిపి తాగాలి. షుగరు ఉంటే ఉత్తినే. రెండో రోజుకు దాచవద్దు, పులుస్తుంది.

కాబట్టి మలబద్ధకం ఉంటే అవిపత్తికరం, అది లేకుండా బీపీ మామూలుగా ఉంటే అతిమధురం, రెంటికీ కుదరనివాళ్ళకు ధనియాల నీళ్ళు. సూతశేఖర రసం లాంటి ఆయుర్వేద మందుల్ని ఈ పోటీలోకి తేవద్దు. వాటిలో పాదరసం ఉంటుంది, వైద్యుడు రాస్తేనే. పుదీనా చలవ అని నమలడం కూడా పొరపాటే. అది అన్నవాహిక కింది కవాటాన్ని వదులు చేస్తుంది, పైకి ఎగదన్నే మంట ఇంకా పెరుగుతుంది.

మరి గ్యాస్ మాత్ర సంగతి?

పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ శత్రువులేం కావు. ఆమ్లం తగ్గించడంలో పై మూడూ వాటి దరిదాపుల్లోకి రావు. పుండు పడిందంటే అవే దిక్కు. అయితే మంట పుట్టాక వేసుకుంటే సగం వృథా. పరగడుపున, టిఫినుకు అరగంట ముందు వేసుకోవాలి. ఏళ్ళ తరబడి వాడితే బి12, మెగ్నీషియం తగ్గే వీలుంది.

నెలల తరబడి మాత్ర మింగినవాళ్ళు ఒక్కసారిగా మానేసి చూర్ణం మొదలుపెడితే, అణిగి ఉన్న ఆమ్లం ఎదురుతన్ని కొన్నాళ్ళపాటు మునుపటికన్నా ఎక్కువ మండుతుంది. నింద చూర్ణం మీద పడుతుంది. డాక్టరుతో చెప్పి మోతాదు తగ్గిస్తూ మానాలి.

హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి ఉంటే ఏ చూర్ణమూ దాన్ని వదిలించదు, యాంటీబయాటిక్‌లు వాడాల్సిందే. మలం తారులా నల్లగా పోయినా, రక్తం వాంతి అయినా, ముద్ద దిగకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి. మంటతో చెమటలు పట్టి ఎడమ చెయ్యి లాగుతుంటే సోడా కోసం చూడకండి, అది గుండె కావచ్చు. ఒళ్ళు నొప్పులకు వేసుకునే డైక్లోఫెనాక్ మాత్రలు కూడా కడుపును తినేస్తాయి. చేలో, చెరువు గట్టున పనిచేసేవాళ్ళు ముందు ఆ లెక్క చూసుకోవాలి.

పళ్ళెం, పడక

పొద్దున్న అల్లం పచ్చడితో పెసరట్టు ఉప్మా కన్నా ఇడ్లీ మేలు. చద్దన్నం ఒక్క రాత్రి నానినదైతే మంచిదే, రోజుల తరబడి పులిసిన తరవాణి మాత్రం మండిస్తుంది. మజ్జిగ కూడా ఆ పూట చిలికినదే చలవ, పుల్లబడితే కాదు. కూరల్లో ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, బూడిద గుమ్మడి తేలిక. కొబ్బరి బొండాం హాయిగా తాగొచ్చు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు తప్ప.

అసలు చిక్కంతా రాత్రి పది గంటల భోజనంతోనే. తినడానికీ పడుకోవడానికీ మధ్య మూడు గంటలుండాలి. తలగడలు పేర్చుకుంటే నడుం వంగి పొట్ట నొక్కుకుపోతుంది. మంచం తలవైపు కోళ్ళ కింద ఆరంగుళాల ఎత్తు పెట్టండి, ఎడమపక్కకు తిరిగి పడుకోండి. చింతపండు దట్టంగా పోసిన చేపల పులుసు మానెయ్యమంటే ఇక్కడ ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా. రాత్రి వండి, మర్నాడు మధ్యాహ్నం తినండి. పులుసు రుచంతా ఎలాగూ రెండో రోజే కదా.